బ్యాంకు పేరుతో వచ్చు గాలపు ఉత్తరములు

విస్సన్నపేట ఉన్నచోటనే ఉన్నది. కాని దాని చిరునామా మారినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ఊరు కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినది. అంతకుముందే ఈ ప్రాంతపు పాసుపుస్తకములపై పేర్లు కూడ మారినవి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయినది. అదే దినమున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినది. 2025 మే 1న సప్తగిరి గ్రామీణ బ్యాంకుతో సహా నాలుగు గ్రామీణ బ్యాంకులు ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినవి.

ఇట్టి మార్పులు జరిగినప్పుడు బ్యాంకులు నిజముగానే ఖాతాదారులకు సమాచారము పంపవలసివచ్చును. ఆంధ్రా బ్యాంకు శాఖల పాత ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతములు 2021 మార్చి 31 వరకే చెల్లినవి. ఆ తరువాత క్రొత్త సంకేతములు, క్రొత్త చెక్కుపుస్తకములు వాడవలసివచ్చినది. "మీ బ్యాంకు మారినది, మీ వివరములు సరిచేసికొనుడు" అను మాట అప్పుడు అబద్ధము కాదు. మోసగాండ్రకు ఇంతకంటె అనువైన అదను ఉండదు. నిజమైన ఉత్తరముల గుంపులో అబద్ధపు ఉత్తరము ఒకటి దూరినచో దానిని వేరుచేయుట కష్టము.

మామిడికాయ అమ్మిన సొమ్ము ఖాతాలో పడు ఏప్రిల్, మే నెలలలో ఈ ప్రాంతపు రైతు ఒకనికి ఇట్టి ఈ-మెయిలు వచ్చినదని అనుకొనవచ్చును: "గౌరవనీయ ఖాతాదారునకు: బ్యాంకుల విలీనమువలన మీ ఖాతా వివరములు పాతబడినవి. 24 గంటలలోగా క్రింది లింకును నొక్కి సరిచేయనియెడల మీ ఖాతా నిలుపుదల చేయబడును." పైన బ్యాంకు చిహ్నము, క్రింద మేనేజరు హోదా, పక్కన కేంద్ర కార్యాలయపు చిరునామా, అన్నియు పద్ధతిగానే ఉండును. ఇట్టి ఉత్తరములు తరచుగా ఇంగ్లీషులో వచ్చును. ఇంటిలో ఇంగ్లీషు చదువగలవారు హైస్కూలు పిల్లలే అయినచో, దానిని చదివి "ఏమి చేయవలెను?" అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన భారము కూడ వారిపైననే పడును. ఆ ఒక్క మాటపై ఒక సంవత్సరపు పంట సొమ్ము ఆధారపడియుండవచ్చును.

ఇట్టి మోసమునకు ఇంగ్లీషులో ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టుట అను మాటనుండి 1990 ప్రాంతముల తరువాత అమెరికాలో పుట్టిన పదమిది. గాలము వేయువాడు చెరువులో ఏ చేప ఎచ్చటనున్నదో ఎరుగడు. ఎర వేసి కూర్చుండును. అట్లే మోసగాడు వేలాదిమందికి ఒకే ఉత్తరము పంపును. అందులో అనేకులకు ఆ బ్యాంకులో ఖాతాయే ఉండదు. వారు నవ్వి తుడిచివేయుదురు. ఖాతా ఉన్నవారిలో నూటికొకరు నొక్కినను వాని పని నెరవేరినట్లే. లింకు నొక్కినచో బ్యాంకు పుటను పోలిన పుట తెరచుకొనును. అచ్చట వ్రాసిన పాస్‌వర్డు, కార్డు సంఖ్య, ఓ.టి.పి. నేరుగా మోసగానికి చేరును. ఓ.టి.పి. కొద్ది నిమిషములే చెల్లును గదా అని ధైర్యపడుటకు వీలులేదు. అవతల వాడు ఆ క్షణముననే దానిని అసలు బ్యాంకు పుటలో నింపుచుండును.

ఇంతకును బ్యాంకు కానివాడు బ్యాంకు పేరుతో ఉత్తరము ఎట్లు పంపగలడు? దీనికి సమాధానము ఈ-మెయిలు పుట్టుకలోనే ఉన్నది. ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి ఇట్టి ఉత్తరము మొట్టమొదట పంపినవాడు రే టామ్లిన్సన్. అది 1971వ సంవత్సరము. ఉత్తరములు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు చేరవలసిన నియమములను జోనథన్ పోస్టెల్ 1982లో ప్రకటించెను. ఆయన ఇంటిపేరులో పోస్టు ఉండుట కేవలము కాకతాళీయము. ఆనాడు ఆ వలలో చేరియున్న కంప్యూటర్లు కొన్ని వందలే. అవియు విశ్వవిద్యాలయములలో, పరిశోధనాలయములలో ఉండెడివి. వ్రాయువారు ఒకరినొకరు ఎరుగుదురు. అందుచేత పంపినవాని పేరు నిజమా కాదా అని పరీక్షించు ఏర్పాటు ఆ నియమములలో చేయలేదు. ఇది ఇన్‌లాండు కవరు వంటిదే. కవరు వెనుక "పంపువారు" అనుచోట ఎవరి పేరైనను వ్రాయవచ్చును. తపాలా బంట్రోతు దానిని విచారింపడు. కవరుపై పడిన తపాలా ముద్ర మాత్రము అది ఎచ్చట డబ్బాలో పడినదో చెప్పును. ఈ-మెయిలుకును అట్టి ముద్రలు కలవు గాని, అవి సాధారణముగా కంటికి కనబడవు.

కనుక ఉత్తరములోని బ్యాంకు చిహ్నము, పేరు, సంతకము వీనిలో ఏదియు ప్రమాణము కాదు. అవి ఎవరైనను నకలు చేయగలిగినవి. మోసగాడు నకలు చేయలేనిది ఒకటున్నది. తాను పన్నిన వలకు దారి చూపుటకు వాడు ఇవ్వవలసిన చిరునామా అది. దానిని చదువుట నేర్చినవాడు సగము పరీక్ష నెగ్గినట్లే.

ఇంటర్నెట్టులో ప్రతి సంస్థకును డొమైన్ అను పేరు ఉండును. ఈ పేర్ల పద్ధతిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించెను. ఇందులో చుక్కలచేత వేరుచేయబడిన భాగములుండును. వీనిని మన కన్ను ఎడమనుండి కుడికి చదువును. కాని అర్థము మాత్రము కుడినుండి ఎడమకు చదువవలెను. ఇది విచిత్రమైన సంగతి ఏమియు కాదు. ఇంటి నంబరు, వీధి, విస్సన్నపేట, ఎన్టీఆర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని మనము వ్రాయు చిరునామాలోను పెద్దది చివరనే ఉండును. ఉత్తరములు వేరుచేయు ఉద్యోగి ముందుగా రాష్ట్రమును, పిదప జిల్లాను, తరువాత ఊరిని చూడవలెను. ఇంటిపేరుతో వానికి పని చివరనే. (పిన్ కోడు మాత్రము ఇందుకు వ్యతిరేకము. విస్సన్నపేట పిన్ కోడు 521215లో మొదటి అంకె పెద్ద మండలమును, చివరి మూడు అంకెలు తపాలా కార్యాలయమును తెలుపును.)

ఇప్పుడు ముంబయిలో ఒకరు ఇల్లు కట్టి, దానికి "విస్సన్నపేట నిలయము" అని పేరు పెట్టినారనుకొన్నచో, ఆ ఇల్లు విస్సన్నపేటలో ఉన్నట్లగునా? కాదు. చిరునామా చివర ముంబయి అని యున్నంతకాలము అది ముంబయి ఇల్లే. తన ఇంటికి పేరు పెట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మోసగాండ్రు చేయు పని సరిగా ఇదియే. డొమైనులో కుడివైపు భాగమును వారు డబ్బిచ్చి కొందురు. దానికి ఎడమవైపున తమకు తోచిన పేరు, అనగా బ్యాంకు పేరు, ఉచితముగా తగిలింతురు. చదువరి కన్ను ఎడమనుండి మొదలుపెట్టి, తెలిసిన పేరు కనబడగానే ఆగిపోవును. గాలము ముల్లు ఆ చోటనే ఉన్నది.

ఉదాహరణమునకు "ఫలానా బ్యాంకు" అను ఒక కల్పిత బ్యాంకును తీసికొనవచ్చును. తెరపై ఈ చిరునామాలు ఇంగ్లీషు అక్షరములలో ఉండును. ఇచ్చట తెలుగున వ్రాయబడినవి. "ఫలానా.బ్యాంక్.ఇన్" అను దానిని కుడినుండి చదివినచో ఇన్, అనగా భారతదేశము; అందు బ్యాంక్ అను ఆవరణ; ఆ ఆవరణలో ఫలానా అని తెలియును. "ఫలానా.బ్యాంక్.ఇన్.సరిచేయి.కామ్" అనుదానిలో మొదటి మూడు మాటలును అవే. కాని కుడినుండి చూచినచో దీని యజమాని "సరిచేయి.కామ్" అను పేరు కొన్నవాడు, తక్కినదంతయు వాడు తన ఇంటికి పెట్టుకొన్న పేరు. "ఫలానా-బ్యాంక్-ఇన్.కామ్" అనుదానిలో చుక్కలకు బదులు అడ్డగీతలున్నవి. అడ్డగీత భాగములను వేరుచేయదు. కావున "ఫలానా-బ్యాంక్-ఇన్" అంతయు ఒకే మాట, దానిని ఎవరైనను కొనవచ్చును. ఇంక "ఫలానాబ్యాంక్.ఇన్" అనుదానిలో ఒక్క చుక్క లోపించినది. అంతమాత్రముననే అది బ్యాంకుల ఆవరణనుండి బయటపడి, దేశములో ఎవరైనను కొనదగిన మామూలు పేరు అయినది. తెలుగులో ఒక్క సున్న లోపించిన "బండి" "బడి" అగును, ఇదియు అంతే.

బ్యాంకుల ఆవరణ అను మాటకు కొంత వివరణ అవసరము. "బ్యాంక్.ఇన్" అను ముగింపు ఇటీవల వచ్చినది. పూర్వము మన బ్యాంకులలో కొన్ని కామ్ అనియు, కొన్ని కో.ఇన్ అనియు, కొన్ని ఇన్ అనియు తమకు తోచిన ముగింపులు వాడుచుండెడివి. ఏ బ్యాంకు ముగింపు ఏదో ఖాతాదారునకు గుర్తుండుట అసాధ్యము. భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో బ్యాంకులకు మాత్రమే చెందునట్లు "బ్యాంక్.ఇన్" అను ముగింపును ప్రకటించి, బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31వ తేదీలోగా దానికి మారవలెనని ఏప్రిల్ 22న ఆదేశించినది. ఈ పేర్లను నమోదుచేయు అధికారము ఒకే ఒక సంస్థకు ఇయ్యబడినది. అది తెలుగు నేలపైననే ఉన్నది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. అను బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థయే అది. డబ్బు చెల్లించినంత మాత్రమున ఈ ఆవరణలో పేరు దొరకదు. కోరినది నిజముగా బ్యాంకే కావలెను. అందుచేత ఖాతాదారునకు గుర్తుండవలసిన సంగతి చాల చిన్నదైనది. చిరునామా కుడి చివర ఏమున్నదని చూచిన చాలును.

అయితే చివర ఎచ్చటనో తెలిసికొనుటలో ఒక చిక్కున్నది. పూర్తి చిరునామాలో రెండు వాలుగీతల తరువాత డొమైన్ మొదలై, తరువాత వచ్చు మొదటి ఒంటి వాలుగీతతో ముగియును. దానికి కుడివైపున ఎంత పొడవున ఏమి వ్రాసియున్నను అది ఆ ఇంటిలోపలి గదుల పేర్ల వంటిది. అచ్చట "బ్యాంక్.ఇన్" అని కనబడినను విలువ లేదు. ఈ-మెయిలు చిరునామాలోనైతే సున్న చుట్టిన ఏ గుర్తుకు కుడివైపున ఉన్నదే డొమైన్. ఎడమవైపున బ్యాంకు పేరున్నను అది లెక్కలోనిది కాదు.

తరగతిలో ఉపాధ్యాయులు దీనిని పది నిమిషములలో నేర్పవచ్చును. పైని నాలుగు చిరునామాలను ఇంగ్లీషు అక్షరములలో నల్లబల్లపై వ్రాసి, ప్రతిదానిలో యజమాని భాగము క్రింద మాత్రమే గీత గీయుమని పిల్లలను పిలువవలెను. మొదటిసారి అనేకులు బ్యాంకు పేరు క్రింద గీత గీయుదురు. చేతితో కుడివైపునుండి కప్పుచు, ఒక్కొక్క చుక్క దాటుచు చదివించినచో రెండవసారి తప్పు తగ్గును. తరువాత అక్షర సామ్యము గల పేర్లను ఇయ్యవలెను. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అను చిన్న అక్షరములు ప్రక్కప్రక్కన పడినచో సెల్‌ఫోను తెరపై ఎమ్ వలె కనబడును. చిన్న ఎల్ అక్షరమునకును ఒకటి అంకెకును, ఓ అక్షరమునకును సున్నకును భేదము స్వల్పము. మ, య లను, ప, ష లను తారుమారు చేయు చిన్న తరగతుల పిల్లలను చూచిన ఉపాధ్యాయులకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

లింకు పైకి చూపు అక్షరములు ఒకటి, అది తీసికొనిపోవు చోటు మరియొకటి కావచ్చును. "ఇచ్చట నొక్కుడు" అను బొత్తాము వెనుక ఏ చిరునామాయైనను దాచవచ్చును. బ్యాంకు అసలు చిరునామాను అక్షరాల వ్రాసి దాని వెనుక మరియొకదానిని దాచుటయు సులభమే. కంప్యూటరులో బాణపు గుర్తును లింకుపై నిలిపినచో, ఫోనులో లింకును నొక్కి వదలక పట్టియుంచినచో, సాధారణముగా లోపలి చిరునామా కనబడును. పట్టియుంచుటలో చేయి జారి పుట తెరచుకొన్నను కంగారుపడనక్కరలేదు. అచ్చట ఏమియు వ్రాయకుండ, ఏమియు దింపుకొనకుండ మూసివేయవలెను.

పుట పక్కన కనబడు తాళపు గుర్తును గూర్చి ఒక అపోహ బలముగా నాటుకొన్నది. తాళమున్నచో ఆ పుట నమ్మదగినదని పలువురు చెప్పుదురు, పాఠములలో కూడ చెప్పినవారున్నారు. తాళము చెప్పునది ఇంతమాత్రమే: మీరు వ్రాసినది మార్గమధ్యమున మూడవవారు చదువలేరు. అవతలి కొసన ఉన్నవాడు దొంగయైనచో మీ పాస్‌వర్డు భద్రముగా దొంగకే చేరును! ఈ తాళపు ధ్రువపత్రములు నేడు ఎవరికైనను ఉచితముగా దొరకుచున్నవి. తాళపు గుర్తు అర్థమును సరిగా గ్రహించినవారు నూటికి 11 మందియే అని 2021లో తాము జరిపిన పరిశీలనలో తేలినట్లు క్రోమ్ తయారుచేయు గూగుల్ సంస్థవారు తెలిపి, 2023లో ఆ గుర్తునే తీసివేసిరి.

భాషా దోషములను బట్టి దొంగ ఉత్తరమును పట్టవచ్చునను సలహా కూడ పాతబడినది. ఒకప్పుడు అది కొంత పనిచేసినది. కొందరు మోసగాండ్రు కావలెననియే అసహజమైన ఉత్తరములు వ్రాయుదురనియు, అనుమానించువారు ముందుగానే తప్పుకొని అమాయకులు మాత్రము మిగులుట వారికి లాభమనియు కార్మాక్ హెర్లీ అను పరిశోధకుడు 2012లో వాదించెను. నేడు యంత్రములే తప్పులులేని ఇంగ్లీషును, చక్కని తెలుగును వ్రాసిపెట్టుచున్నవి. అక్షరదోషము కనబడినచో అనుమానింపవచ్చును, కనబడలేదని నమ్మరాదు. తొందరపెట్టుట మాత్రము నేటికిని పనికివచ్చు గుర్తే. 24 గంటలు, ఈ రాత్రిలోగా, చివరి అవకాశము అను మాటలు ఆలోచించుటకు వ్యవధి లేకుండ చేయుటకే.

ఇంతకు ముందు చెప్పిన కనబడని ముద్రల విషయమునకు వచ్చినచో, ఆ లోపమును సవరించుటకు తరువాతి కాలమున మూడు ఏర్పాట్లు చేసిరి. ఒక డొమైన్ తరపున ఏ యంత్రములు ఉత్తరములు పంపవచ్చునో జాబితా ప్రకటించుట ఒకటి. దాని పేరు ఎస్.పి.ఎఫ్. ఉత్తరమునకు రహస్య సంఖ్యతో ముద్రవేసి, దానిని పరీక్షించు సంఖ్యను అందరికిని బహిరంగపరచుట రెండవది, అది డి.కె.ఐ.ఎమ్. రాజముద్రికను ఎవరైనను చూచి గుర్తింపగలరు గాని వేయగలవాడు రాజొక్కడే యైనట్లు, ఈ ముద్రను అందరును పరీక్షింపగలరు, వేయగలిగినది ఆ డొమైన్ యజమాని మాత్రమే. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో తెలుపునది డి.మార్క్ అను మూడవ ఏర్పాటు. జీమెయిలులో "షో ఒరిజినల్" అనుదానిని తెరచినచో ఈ మూడు పేర్ల ఎదుట పాస్ లేక ఫెయిల్ అని వ్రాసియుండును. ఫెయిల్ అనియున్నచో ఆ ఉత్తరమును నమ్మరాదు. పాస్ అనియున్నచో ఉత్తరము ఆ డొమైన్ నుండియే వచ్చినదని మాత్రమే అర్థము. "సరిచేయి.కామ్" యజమాని తన డొమైనుకు ఈ ఏర్పాట్లన్నియు చక్కగా చేసికొనగలడు. మరల చిరునామాను కుడినుండి చదువవలసినదే.

చదువుట రానిచోట, లేక చదివినను సందేహము తీరనిచోట చేయవలసినది సులభము. ఉత్తరములోని లింకును విడిచిపెట్టి, బ్యాంకు ఆప్‌ను తానుగా తెరచి చూడవలెను. లేక శాఖకు పోయి అడుగవలెను. ఫోను చేయదలచినచో పాసుపుస్తకముపైనో కార్డు వెనుకనో అచ్చువేసిన సంఖ్యకే చేయవలెను. ఉత్తరములోని సంఖ్యకు గాని, ఇంటర్నెట్టులో వెదకగా మొదట కనబడిన సంఖ్యకు గాని చేయరాదు. ఈ-మెయిలు చూచు అలవాటు లేని ఇండ్లలో ఇదే గాలము ఎస్.ఎమ్.ఎస్.గాను వాట్సాప్ సందేశముగాను వచ్చును. వానిలో లింకుకు బదులు ఏ.పి.కె. అను ముగింపుగల ఫైలు ఉన్నచో ప్రమాదము అధికము. దానిని ఫోనులో ఎక్కించి, అది అడిగిన అనుమతులు ఇచ్చినచో, వచ్చిన ఓ.టి.పి.లను అదియే చదివి అవతలికి పంపగలదు.

అప్పటికే వివరములు ఇచ్చివేసినవారు సిగ్గుపడి ఊరకుండుట అన్నిటికంటె నష్టకరము. వెంటనే బ్యాంకుకు తెలిపి ఖాతాను, కార్డును ఆపించవలెను. సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయవలెను. మోసపు సొమ్ము ఒక ఖాతానుండి మరియొకదానికి, అచ్చటినుండి ఇంకొకదానికి గంటలలో మారిపోవును. ఫిర్యాదు త్వరగా చేరినచో మధ్యలో ఎచ్చటనైనను దానిని నిలుపుదల చేయు అవకాశము ఉండును. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ప్రకటించిన నిబంధనలలో కూడ కాలమునకు ఇట్టి ప్రాధాన్యమే ఇయ్యబడినది. ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక మూడవవారివలన సొమ్ము పోయి, బ్యాంకునుండి సమాచారము అందిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినచో అతనిపై భారము ఉండదని ఆ నిబంధనలు తెలిపినవి. పాస్‌వర్డు, ఓ.టి.పి. వంటివి తానే ఇచ్చియున్నచో బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిదే. తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుది. అనగా తానే ఇచ్చుకొన్నవాడు సైతము ఫోను చేసిన నిమిషమునుండి రక్షణ పొందును.

ఇది నేరమని మన న్యాయస్థానములు గుర్తించి చాల కాలమైనది. నాస్‌కామ్ అను సాఫ్ట్‌వేరు సంస్థల సంఘము పేరుతో కొందరు ఈ-మెయిళ్ళు పంపి వ్యక్తుల వివరములు రాబట్టిన వ్యాజ్యములో, 2005 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఫిషింగ్ చట్టవిరుద్ధమని పేర్కొన్నది. ప్రతివాదులు 16 లక్షల రూపాయలు చెల్లించుటకు అంగీకరించిరి. అప్పటికి మన సమాచార సాంకేతిక చట్టములో దీనికి ప్రత్యేకమైన సెక్షను లేదు. 2008లో సవరణ చేసి చేర్చిన 66-డి సెక్షను ప్రకారము కంప్యూటరు సాధనముతో ఇతరుల వేషమున మోసగించినవానికి మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అయితే పోలీసులకు దర్యాప్తులో పనికివచ్చునది ఆ ఉత్తరమే. దానిలోని కనబడని ముద్రలు దర్యాప్తునకు దారి చూపగలవు. కనుక కోపముతోనో భయముతోనో దానిని తుడిచివేయక, ఫిర్యాదు పూర్తియగువరకు అట్లే భద్రపరచవలెను.